మన వానలెక్కయు, ప్రపంచ వాతావరణ పరిశోధనయు

పోచంపాడు కట్టమీద నిలిచి చూచునపుడు కానవచ్చు జలరాశి మన జిల్లా వాననీరు మాత్రమే కాదని సంఘ సభ్యులందరకు తెలిసిన విషయమే. గోదావరి నాసికకు చేరువనున్న త్ర్యంబకమున పుట్టి, పైఠాను, నాందేడు మీదుగా ప్రవహించి, కందకుర్తి వద్ద మంజీరను కలుపుకొని పిమ్మట పోచంపాడు చేరుచున్నది. మంజీర మాత్రము మనదా? బీడు జిల్లాలోని బాలాఘాటు కొండలలో పుట్టి, లాతూరు, బీదరు ప్రాంతముల నీటిని మోసికొనివచ్చి నిజాంసాగరమును నింపుచున్నది. నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు పర్యవేక్షణమున 1923 మొదలు 1931 వరకు కట్టబడిన ఆ సాగరము బోధను చెరకునకు ప్రాణాధారమైనది. 1963 సంవత్సరము జూలై 26వ తేదీన జవహరులాలు నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరము కాకతీయ కాలువ మూలమున దూరపు జిల్లాలకు సైతము నీరిచ్చుచున్నది. ఈ రెండును పరుల వాన మీద ఆధారపడిన జలాశయములే. కావున మన రైతు తన పొలమున కురిసిన వాన మీద ఎంత ఆధారపడియున్నాడో, తాను ఎన్నడును చూచి యెరుగని మరాట్వాడా పల్లెలలో కురిసిన వాన మీదను అంతయే ఆధారపడి యున్నాడు.

ఇది యెంత నిజమో 2016 సంవత్సరమున స్పష్టముగా తెలిసినది. అంతకుముందు రెండేండ్లు, అనగా 2014, 2015లలో నైరృతి ఋతుపవనము దేశమంతట వెనుకబడెను. 2014లో సగటు వానలో నూటికి 88 పాళ్లు, 2015లో 86 పాళ్లు మాత్రమే కురిసినవి. 2016 ఏప్రిలు మాసమున మంజీర పరీవాహమునందలి లాతూరు పట్టణమునకు త్రాగునీటిని రైలుబండిలో తెచ్చి పోయవలసి వచ్చెను. నిజాంసాగరము అడుగంటెను. బోధనులో 1937లో స్థాపింపబడి ఒకప్పుడు ఆసియా ఖండమునకే పెద్దదిగా పేరొందిన చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. దానికి కారణములు పెక్కు గలవు, వానకరువు నొక్కదానినే నిందింపరాదు. అయినను చెరకు మడులు వరి మడులుగా మారుటలో నీటి అనిశ్చితి పాత్ర కొంత యున్నదని బోధను, ఎడపల్లి, రుద్రూరు గ్రామములలో తిరుగునపుడు పలువురు రైతులు మాతో చెప్పియున్నారు. అదే 2016 సెప్టెంబరు చివర మంజీర పొంగి నిజాంసాగరమును నింపివేసినది. ఏప్రిలులో రైలులో నీరు, సెప్టెంబరులో వరద. ఈ మార్పు ఎచ్చటనుండి వచ్చుచున్నది? ముందుగా తెలిసికొను మార్గమున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకై ప్రపంచ దేశములన్నియు నూటయేబదేండ్లుగా కలిసి చేయుచున్న ప్రయత్నమును గూర్చియు, అందులో మన పల్లె వర్షమాపకమునకు గల స్థానమును గూర్చియు ఈ నెల విన్నవింపదలచితిమి.

మన పెద్దలు ఉగాదినాడు పంచాంగము విందురు. ఆ యేడు వానలో ఇన్ని భాగములు సముద్రమునందు, ఇన్ని భాగములు పర్వతములందు, ఇన్ని భాగములు భూమియందు కురియునని సిద్ధాంతిగారు చదువుదురు. ఆ లెక్కను మేము పరిహసింపము. ఏలయన, వానలో పెద్దభాగము సముద్రమునకే చెందునను భావము నిజమునకు దగ్గరగానే యున్నది. కాని ఆ లెక్క ఒక యూరి పొలమునకును వేరొక యూరి పొలమునకును భేదము చూపదు, తప్పినపుడు ఎందుకు తప్పినదో చెప్పదు. తప్పును లెక్కవేసి మరల సరిదిద్దుకొనుటయే శాస్త్రజ్ఞుల పద్ధతి. ఆ పద్ధతి పుట్టినది మన దేశపు కరువులలోనే.

1876లో మొదలైన మహాక్షామమును తెలుగువారు ధాత కరువని నేటికిని తలచుచుందురు. మద్రాసు రాజధాని, మైసూరు, హైదరాబాదు సంస్థానము ఆ కరువుచే నశించిపోయినవి. అదే కాలమున ఉత్తర చీనాలోను, బ్రెజిలు దేశపు ఈశాన్య భాగమునను లక్షలాది జనులు ఆకలిచే మడియుచుండిరి. వేల క్రోసుల దూరమున ఉన్న ఆ దేశములకును మనకును ఒకే సమయమున వాన ఏల తప్పెనో నాడెవ్వరికిని తెలియదు. 1875లో ఏర్పడిన హిందూదేశ వాతావరణశాఖకు మొదటి అధికారియైన హెన్రీ బ్లాన్‌ఫర్డు ఆ కరువు దినములలో మన దేశముపై వాయుభారము హెచ్చుగా నుండుట గమనించి, ఇతర దేశముల వారినికూడ వారి లెక్కలు పంపుమని కోరెను. ఆస్ట్రేలియాలో చార్లెసు టాడు అను పరిశీలకుడు మన దేశపు కరువులును తమ దేశపు కరువులును తరచుగా జంటగా వచ్చుచున్నవని 1888లో తెలిపెను. ఒక దేశము తన లెక్కను మాత్రము చూచుకొన్నచో ఈ సంగతి బయలుపడి యుండదు. మన సహకార సంఘము పద్దులలో ఒక సభ్యుని ఖాతా చూచి సంఘము లాభములో నున్నదో నష్టములో నున్నదో చెప్పలేము గదా! అదియు నట్టిదే.

బ్లాన్‌ఫర్డు హిమాలయములపై పడు మంచును బట్టి 1886లో మొదటి ఋతుపవన సూచనను ప్రకటించెను. ఆయన తరువాత వచ్చిన జాన్ ఎలియటు మరికొన్ని లక్షణములు చేర్చి విస్తారముగా సూచనలు వెలువరించెను. 1899లో వాన బాగుగా నుండునని చెప్పగా, దానికి మారుగా ఘోరమైన కరువు వచ్చెను. ఒకే దేశపు కొండలను, గాలులను చూచి చెప్పిన జోస్యమునకు గల బలహీనత అప్పుడు వెల్లడియైనది.

1904లో వాతావరణశాఖ బాధ్యత వహించిన గిల్బర్టు వాకరు గణితశాస్త్రజ్ఞుడు. కేంబ్రిడ్జి విద్వాంసుడైన ఆయనకు అప్పటికి వాతావరణ విద్యలో ప్రత్యేక పరిచయము లేకుండెను. అది యొక విధముగా మేలే అయినదని మా అభిప్రాయము. పూర్వపు నమ్మకములేవియు లేక, ప్రపంచములోని అనేక స్థానముల వాయుభారము, ఉష్ణమానము, వర్షము, నదుల వరదల లెక్కలు తెప్పించి, గుమాస్తాల సహాయమున చేతిలెక్కలతో ఒకదానిని మరియొకదానితో పోల్చి చూచెను. నేడు గణనయంత్రము క్షణములో చేయు పనిని వారు ఏండ్ల తరబడి కాగితముపై చేసిరి. ఆ శ్రమనుండి తేలినదేమనగా: పసిఫిక్ మహాసముద్రపు తూర్పు భాగమున వాయుభారము హెచ్చినపుడు, హిందూ మహాసముద్రపు వైపు తగ్గుచున్నది, అచ్చట తగ్గినపుడు ఇచ్చట హెచ్చుచున్నది. త్రాసు తట్టలవలె ఒకటి లేచిన రెండవది దిగుచున్నది. దీనికాయన 1924లో ‘దక్షిణాందోళన’ మను అర్థము వచ్చు పేరు పెట్టెను. నేటికిని తాహితీ ద్వీపమునందును, ఆస్ట్రేలియాలోని డార్విను పట్టణమునందును కొలుచు వాయుభారముల భేదమును బట్టి ఈ త్రాసు ఎటు మొగ్గుచున్నదో చూచుచున్నారు.

వాకరు త్రాసును చూచెనే కాని, దానిని కదలించు చేయి ఏదో ఆయనకు దొరకలేదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు బెస్తవారు ఆ చేతిని వేరొక పేరుతో ఎరిగియుండిరి. కొన్ని యేండ్లలో క్రిస్మసు పండుగ దినములకు వారి తీరమున సముద్రజలము వేడెక్కి చేపలు కరవగుచుండెను. పండుగవేళ వచ్చునది గనుక దానిని బాలయేసు పేర ‘ఎల్‌నీనో’, అనగా బాలుడు, అని పిలిచిరి. చేపలను మాయము చేయు బాలునికి అంత పావనమైన పేరు తగునా యని మాకు సందేహము కలుగుచుండును గాని, పేరు స్థిరపడిపోయినది. ఈ నీటి వేడియు, వాకరు చూచిన త్రాసును ఒకే యంత్రములోని రెండు చక్రములని 1969లో జాకబ్ బ్యెర్క్‌నెస్ అను శాస్త్రజ్ఞుడు వివరించెను.

ఆ యంత్రము పనిచేయు తీరును ఒక వృద్ధ రైతు మమ్ము ఇట్లడిగెను: “అయ్యా, ఎక్కడో సముద్రములో నీళ్లు కాగితే మా మడిలో వాన ఎందుకు తగ్గాలె?” ప్రశ్న న్యాయమైనది. సాధారణముగా పసిఫిక్ సముద్రముపై గాలులు తూర్పునుండి పడమరకు వీచుచు, ఎండకు కాగిన పైనీటిని ఇండోనీషియా వైపునకు త్రోయుచుండును. వేడినీరున్నచోట ఆవిరి విశేషముగా లేచును. గాలి పైకి లేచును. మేఘములు కట్టి వాన కురియును. పైకి లేచిన గాలి ఎచ్చటనైన క్రిందికి దిగవలెను గదా. అది తూర్పు పసిఫిక్‌పై దిగును. దిగు గాలి యున్నచోట మబ్బు పట్టదు. ఎల్‌నీనో యేట ఆ తూర్పుగాలులు బలహీనమగును. వేడినీరు మధ్యభాగమునకు, తూర్పునకు జరుగును. దానితో గాలి లేచు స్థలమును జరుగును, దిగు స్థలమును జరుగును. ఆ దిగు గాలి కొన్ని యేండ్లలో మన దేశముపైకి వచ్చి, ఋతుపవన మేఘములను పెరుగనీయక అణచివేయును. పొయ్యిని వంటింటిలో ఒక మూలనుండి మరియొక మూలకు మార్చినచో పొగ వేరొక కిటికీనుండి పోవునట్లే ఇదియు. రెండు మొదలు ఏడేండ్ల కొకసారి ఇట్లు జరుగుచున్నది.

సిద్ధాంతము తెలిసినంత మాత్రమున పని జరుగదు. సముద్రములో నేమి జరుగుచున్నదో దినదినమును కొలువవలెను. 1982లో ఈ సత్యము శాస్త్రజ్ఞులకు కటువుగా బోధపడినది. ఆ యేడు అంతవరకు శతాబ్దమున కనివిని యెరుగనంతటి ఎల్‌నీనో పుట్టి పెరుగుచుండగా, చాలకాలము వరకు దానిని గుర్తింపనే లేదు. నడిసముద్రమున కొలతలు లేవు. మెక్సికోలో ఎల్ చిచోన్ అను అగ్నిపర్వతము అదే యేట బ్రద్దలై ఆకాశమునకు విసరిన ధూళిచే కృత్రిమోపగ్రహములు చూపిన నీటి ఉష్ణమానము తప్పుగా వచ్చెను. పంట చేతికి వచ్చు సమయమున దొంగ పొలములో నున్నాడని తెలిసినట్లయినది.

ఆ పిమ్మట దేశములు మేల్కొన్నవి. 1980లో ఏర్పడిన ప్రపంచ వాతావరణ పరిశోధన కార్యక్రమము క్రింద 1985 మొదలు 1994 వరకు పదియేండ్ల పాటు ఉష్ణమండల సముద్రములను, వాటిపై గాలిని కలిపి పరిశీలించు ‘టోగా’ అను ప్రణాళిక నడచినది. పసిఫిక్ సముద్రపు భూమధ్యరేఖ పొడవునను సుమారు 70 తేలుడు యంత్రములను లంగరు వేసి నిలిపిరి. అవి గాలిని, పైనీటి వేడిని, లోతునీటి వేడిని కొలిచి ఉపగ్రహము ద్వారా ఏ దినపు లెక్క ఆ దినము పంపుచున్నవి. 1995 నుండి ఆ పనిని విస్తరించి, ఋతువుల నుండి శతాబ్దముల వరకు గల వాతావరణ చాంచల్యమును పరిశీలించుటకు ‘క్లైవార్’ అను ఉమ్మడి ప్రణాళిక ఆరంభింపబడినది. దానికి సొంత ఓడలు గాని, పెద్ద కోశము గాని లేవు. ఏ దేశము ఏ సముద్రభాగమును కొలువవలెను, ఏ కొలత కొఱవడియున్నది, ఒకరి లెక్క మరియొకరి లెక్కతో పోల్చుటకు వీలుగా ఎట్లు వ్రాయవలెను అను విషయములను వివిధ దేశముల శాస్త్రజ్ఞులు కూర్చుండి నిర్ణయింతురు. ఖర్చు ఎవరిది వారే భరింతురు. కాలువ చివరి రైతునకు నీరందుటకై వంతు నిర్ణయించు నీరడి పనివంటిదే యిది. నీరడి నీటిని సృష్టింపడు. అయినను నీరడి లేని కాలువ తగవులలో ఎండిపోవును.

ఈ ఉమ్మడి పద్ధతి మన హైదరాబాదునకు క్రొత్త కాదు. 1887లో ప్యారిసులో నిర్ణయింపబడిన ఆకాశ పటనిర్మాణ కార్యమున లోకములోని పలు ఖగోళశాలలు ఆకాశమును పొలమువలె భాగములుగా పంచుకొన్నవి. దక్షిణాకాశమున 17 మొదలు 23 డిగ్రీల వరకు గల పట్టీ హైదరాబాదులోని నిజామియా ఖగోళశాల వంతునకు వచ్చినది. అచ్చటివారు తమ వంతు నక్షత్రములను లక్షలకొలది కొలిచి ముద్రించియిచ్చిరి. తరువాత ఒక ఉత్తర భాగమును సైతము వారు చేపట్టిరి.

నేడు హైదరాబాదు నగరపు అంచున ప్రగతినగరులో నున్న సముద్ర సమాచార కేంద్రము, ఇన్‌కాయిస్ అని పిలువబడునది, ఆ విధమైన వంతునే సముద్రములో నిర్వహించుచున్నది. ఇది 1999లో స్థాపితమైనది. సముద్రమునకు దూరముగా, దక్కను రాళ్ల నడుమ నుండి హిందూ మహాసముద్రమును కాచుట వింతగా తోచవచ్చును. కాని అచ్చటి పనివారు కొలత యంత్రములను ఓడలమీద పంపి, వాటి వార్తలను ఇచ్చటనే స్వీకరింతురు. వానిలో ముఖ్యమైనవి ‘ఆర్గో’ తేలుడు గొట్టములు. మనిషి ఎత్తునకు మించని ఆ గొట్టము సముద్రమున వేయి మీటర్ల లోతున కొట్టుకొనిపోవుచుండును. పది దినములకొకసారి రెండువేల మీటర్ల వరకు దిగి, అచ్చటినుండి పైకి లేచుచు త్రోవ పొడవునను నీటి వేడిని, ఉప్పదనమును కొలిచి, పైకి తేలి ఉపగ్రహమునకు వార్త చెప్పి మరల మునుగును. ఇట్టివి ప్రపంచ సముద్రములన్నిటను కలిపి 2007 నాటికి మూడువేలైనవి. నేడు సుమారు నాలుగువేలు పనిచేయుచున్నవి. హిందూ మహాసముద్రపు ఆర్గో లెక్కలకు ఇన్‌కాయిస్ ప్రాంతీయ కేంద్రము. ఆ లెక్కలు దాపరికము లేక అన్ని దేశములకును ఉచితముగా అందును.

పసిఫిక్‌లో వలె హిందూ మహాసముద్రమునను లంగరు యంత్రములు నిలుపవలెనని క్లైవార్ వారి సలహామండలి ఆలోచించి, 2004 నుండి ఒక్కొక్కటిగా నిలుపుట మొదలిడినది. ఇందు భారతదేశము, అమెరికా, జపాను, ఇండోనీషియా, చీనా మొదలగు దేశములు పాలుగొన్నవి. ఇంగ్లీషు మాటల మొదటి అక్షరములు కూర్చగా ఆ వరుసకు ‘రామ’ అను పేరు వచ్చినది. సముద్రమునకు సేతువు కట్టిన పేరే దానికి తగిలినందుకు మన పల్లెవారు సంతోషింపక మానరు. అయితే ఆ యంత్రములకు పీడలును గలవు. చేపలు వాని నీడను చేరుటచే బెస్తవారు పడవలు కట్టివేయుటయు, వలలు చిక్కి గొలుసులు తెగుటయు, కొందరు పరికరములను విప్పుకొనిపోవుటయు జరుగుచున్నది. పసిఫిక్‌లో సైతము 2012 తరువాత బాగుచేయు ఓడ కొఱవడి, రెండేండ్లలో ఆ వరుసనుండి వచ్చు లెక్కలు సగమునకు తక్కువగా పడిపోయినవి. యంత్రమును నిలుపుట ఒక ఎత్తు, దానిని కాపాడుట పది యెత్తులు. గ్రామ పంచాయతి ఆవరణములోని వర్షమాపకమున బాలురు గులకరాళ్లు వేయుట మేమెరిగినదే. సముద్రమున జరుగునదియు ఇంచుమించుగా అదియే.

హిందూ మహాసముద్రమును కొలుచుటచే ఒక క్రొత్త సంగతి తెలిసినది. ఎన్. హెచ్. సాజీ, బి. ఎన్. గోస్వామి, పి. ఎన్. వినయచంద్రన్, జపాను దేశీయుడైన యమగాతా అను శాస్త్రజ్ఞులు 1999లో దానిని ప్రకటించిరి. మన సముద్రమునందును ఒక చిన్న త్రాసు గలదు. కొన్ని యేండ్లలో ఆఫ్రికా వైపు నీరు వేడెక్కి, సుమాత్రా వైపు నీరు చల్లబడును. కొన్ని యేండ్లలో దీనికి మారుగా నుండును. మొదటి స్థితి సాధారణముగా మన వానకు మేలు చేయును. 1997లో పసిఫిక్‌లో ఆ శతాబ్దమునకెల్ల బలీయమైన ఎల్‌నీనో యుండినను మన దేశమున సగటునకు మించి, నూటికి 102 పాళ్లు వాన కురిసెను. ఆ యేడు హిందూ మహాసముద్రపు త్రాసు మనవైపు మొగ్గియుండెను. 2019లోను అట్లే మొగ్గి, 110 పాళ్లు కురిసెను. ఇదిగాక, ఎల్‌నీనో వేడి పసిఫిక్ తూర్పు కొసన నున్నప్పటికంటె నడిమి భాగమున నున్నపుడు మన కెక్కువ హాని కలుగుచున్నదని కె. కృష్ణకుమారును ఆయన సహచరులును 2006లో నిరూపించిరి. 

కనుక పత్రికలలో ఎల్‌నీనో అను మాట కనబడగనే వరినారు పోయుట మానుకొనుట సరికాదు. ఎల్‌నీనో యేండ్లలో సుమారు సగమే మనకు కరువులైనవి. దానికి ఎదురుగా, లేదనుకొన్న యేట దెబ్బ తగులుటయు గలదు. 2002లో వాతావరణశాఖవారు సాధారణ వర్షమని ముందు సూచింపగా, జూలై మాసమున దేశమున కురియవలసిన దానిలో సుమారు సగమే కురిసెను. ఋతువు మొత్తమున 81 పాళ్లతో ముగిసెను. 2009లోను సూచన తప్పి 78 పాళ్లే వచ్చెను. ఈ తప్పులను శాఖవారు దాచలేదు. పాత లెక్కవిధానములను మార్చి, 2012 నుండి సముద్రమును, గాలిని కలిపి గణించు యంత్రవిధానమును పెంపొందించుచున్నారు. సూచన నూటికి నూరుపాళ్లు నిజమగునని ఎవరైన చెప్పినచో వారిని నమ్మవద్దు. అట్లని సూచనను త్రోసివేయనూవద్దు.

దేశమంతటి సగటునకును మన మడికిని గల దూరమునకు 2023 సంవత్సరముకంటె మంచి తార్కాణము లేదు. అది ఎల్‌నీనో యేడు. జూలై 25వ తేదీ ఉదయమునకు ముగిసిన ఒక్క దినమున మన జిల్లా వేల్పూరులో 46 సెంటీమీటర్ల వాన నమోదైనది. మన జిల్లాలో ఏడాది పొడవున కురియునది నలువది అంగుళములకు, అనగా నూరు సెంటీమీటర్లకు, కొంచె మటునిటు. అందులో ఇంచుమించు సగము ఒకే దినమున! చెరువుల మత్తడులు దుమికి, కట్టలు తెగి, మడులలో ఇసుక మేటవేసినది. తరువాతి ఆగష్టు మాసము దేశమునకు 1901 నుండి ఎన్నడును లేనంత పొడిమాసమయ్యెను. ఋతువు ముగియునాటికి దేశపు లెక్క 94 పాళ్లు. కాగితముపై చూచువారికి కొద్దిపాటి లోటు మాత్రమే. వేల్పూరు రైతునకు ఆ అంకె యేమి చెప్పును? కావున ఋతువంతటికి చెప్పు సూచనకంటె, రెండు వారములకు ముందు చెప్పు సూచనయే రైతునకు ఎక్కువ పనికివచ్చునని మా నిశ్చితాభిప్రాయము. ఋతుపవనము నెలకో, నెలన్నరకో ఒకసారి విజృంభించి, నడుమ విరామము తీసికొనుచుండును. ఆ విరామము ఎప్పుడు వచ్చునో రెండు వారముల ముందు కొంతవరకు చెప్పగలుగుట ఈ ఇరువదేండ్ల సముద్ర పరిశీలన ఫలితమే.

వేల్పూరు వాన 46 సెంటీమీటర్లని మనకు తెలియుటకు కారణము అచ్చట ఒక స్వయంచాలక యంత్రముండుటయే. మన రాష్ట్రమున మండలమునకొకటైనను ఉండునట్లు వెయ్యికిపైగా ఇట్టి యంత్రములు గలవు. పూర్వము తహశీలు కచేరీలలోని వర్షమాపకమే ఆధారము. తాలూకా మొత్తమునకు ఒక గొట్టము. ఇప్పటికిని ఒక మండలములోని గ్రామములన్నిటను ఒకే తీరున వాన పడదు. మండలమును కరువు ప్రాంతముగా ప్రకటించునపుడు అధికారులు తొలుత చూచునది వానలెక్కయే. వాతావరణమును బట్టి చెల్లించు పంటభీమా ఎచ్చట అమలులోనున్నను, ఆ యంత్రములోని అంకెయే రైతు చేతికి వచ్చు పైకమును నిర్ణయించును. యంత్రము కొమ్మలక్రింద నున్నను, గొట్టములో ఆకు అడ్డుపడినను నష్టము రైతుదే. అందుచే మన సంఘములవారు తమ మండలపు యంత్రము ఎచ్చటనున్నదో, దాని చుట్టును చెట్లు పెరిగినవో లేదో చూచి, లోపమున్నచో వ్రాతమూలకముగా తహశీలుదారునకు తెలుపవలసినది.

సంఘము తన సొంతమునకు ఒక వర్షమాపకమును ఉంచుకొనుట ఇంకను మేలు. గొట్టము నోరు నేలనుండి 30 సెంటీమీటర్ల ఎత్తున సమముగా నుండవలెను. చేరువనున్న చెట్టు గాని గోడ గాని ఎంత ఎత్తున్నదో, దానికి కనీసము రెండింతల దూరమున నిలుపవలెను. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు కొలువవలెను; దేశమంతటను వాన దినము ఆ గంటకే ముగియును. ఒకరు ఆరు గంటలకు, ఒకరు పది గంటలకు కొలిచినచో ఆ లెక్కలు ఒకదానితో నొకటి కలియవు. వాన లేని దినమున సున్న అని తప్పక వ్రాయవలెను. ఖాళీగా విడిచిన గడి వాన లేదని చెప్పదు, కొలువలేదని చెప్పును. ఒక మిల్లీమీటరు వాన ఎకరమునకు సుమారు 4,047 లీటర్ల నీటికి సమానము. రెండున్నర మిల్లీమీటర్లయినను కురిసిన దినమునే శాఖవారు వానదినముగా లెక్కింతురు, 64.5 మిల్లీమీటర్లు దాటినచో భారీవర్షమందురు.

ఈ లెక్క వలన వెంటనే కలుగు ప్రయోజనము విత్తు సమయమున గలదు. మృగశిర కార్తెలో మొదటి జల్లు పడగనే సోయాబీను, మొక్కజొన్న విత్తి, తరువాత పది దినములు ఎండకాయగా మొలకలు మాడి, రెండవసారి విత్తనములు కొనువారిని ఏటేట చూచుచున్నాము. చల్క నేలలలో 50 మొదలు 60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60 మొదలు 75 మిల్లీమీటర్లు మొత్తముగా కురిసి, నేల లోతుగా పదునైన పిమ్మటనే విత్తుడని విశ్వవిద్యాలయమువారు చెప్పుచున్నారు. మీ సంఘపు పుస్తకములో జూన్ మొదటి తేదీనుండి అంకెలు కూడి చూచుకొన్నచో, విత్తవచ్చునా కూడదా యని ఒకరి నడుగ పనిలేదు. దానికి తోడుగా రాబోవు వారము విరామము సూచింపబడినదేమో చూచుకొనవలెను. జగిత్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనస్థానము నుండి మంగళ, శుక్రవారములలో మన ప్రాంతమునకు వ్యవసాయ వాతావరణ సలహాపత్రము వెలువడుచున్నది. దానిని అచ్చుతీయించి సంఘపు బల్లపై ప్రక్కప్రక్కనే అంటించుట కార్యదర్శులకు పెద్ద పని కాదు: ఒకవైపు సలహాపత్రము, మరియొకవైపు మీ వానలెక్క. ఋతువు ముగిసిన తరువాత రెంటిని సరిపోల్చి, సూచన ఎన్నిసార్లు నిజమైనదో లెక్కవేసి మాకు వ్రాసి పంపగోరుచున్నాము. రుద్రూరు చెరకు, వరి పరిశోధనస్థానమునకు పోవునపుడు ఆ లెక్కలను అచ్చటివారికి అందజేయుదుము.

కొలతగాజు పగిలిన సంఘములవారు క్రొత్తది తెచ్చుకొను వరకు, అడుగు నుండి అంచు వరకు ఒకే వెడల్పుగల రేకుడబ్బాను వాడవచ్చును. డబ్బాలో నిలిచిన నీటిలోనికి కొలబద్దను నిలువుగా దింపి చూచినచో, తడిసినంత మేరయే వాన కొలత. డబ్బా వెడల్పు ఎంతయైనను భేదము లేదు. కొలిచిన వెంటనే నీటిని పారబోసి డబ్బాను మరల యథాస్థానమున నుంచవలెను. లేనియెడల మరునాటి లెక్కలో నేటి వాన కలిసిపోవును.